ధర, విలువ, ఆట: పాత ఇంటికంప్యూటర్ ఆటల సేకరణపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

1980ల నాటి ఇంటికంప్యూటర్ ఆటలు నేడు సేకర్తల వస్తువులయ్యాయి. దుర్లభత, స్థితి, సమగ్రత అనే మూడు కొలమానాలతో వాటి ధర నిర్ణయించడం అంతర్జాతీయంగా ఆనవాయితీగా స్థిరపడింది. ఈ కొలమానాలు వస్తువు ధరను చెప్పగలవే గాని ఆట విలువను చెప్పలేవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో స్థిరపడిన మూడు సంప్రదాయాలు ఇందుకు ఆధారాలు. అవి మిర్చియార్డులో సరుకును విప్పి చూసి ధర కట్టే పద్ధతి, అమరావతి శిల్పాల సేకరణచరిత్ర, వేటపాలెం సారస్వతనికేతనం భద్రపరిచే తీరు. తాళపత్రప్రతులను పరిష్కరించడంలో తెలుగు పండితులు అనుసరించిన పద్ధతి పాత ఆటల ప్రతులకూ వర్తిస్తుందని, విపణి 'నకిలీ' అని తోసిపుచ్చే ప్రతులే ఈ ప్రాంతానికి సంబంధించి తొలి ఆధారాలని వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఇంటికంప్యూటర్, ఆట, సేకరణ, విలువ, పాఠాంతరం, కైఫియతు, అమరావతి, వేటపాలెం.

1. ప్రవేశిక

ఆట ముగిసిన తరువాత మిగిలేది ఏమిటి? అష్టాచెమ్మా ఆడి లేచినవారు గచ్చుమీది సుద్దగీతలు చెరిపేస్తారు, చింతగింజలు ఏరి పక్కన పెడతారు. గీత పోయినా ఆట పోదు. మరునాడు మరొకరు అదే గీత గీస్తారు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడు బొంగరాలాట ఆడతాడు. ఆ ఆటలో ఒక స్త్రీ పాదానికి బొంగరం తగలడం, ఆమె అన్న మాట అతణ్ణి రణరంగం వైపు నడిపించడం కథాగమనాన్ని మార్చే ఘట్టాలు. ఆ బొంగరం ఏ ప్రదర్శనశాలలోనూ లేదు. అయినా అది తెలుగువారి స్మృతిలో నేటికీ తిరుగుతూనే ఉంది. అందుకు కారణం వీరవిద్యావంతుల గానం, ఆ తరువాత అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించిన గ్రంథం. వస్తువు నశించినా వృత్తాంతం నిలిస్తే ఆట నిలుస్తుందనడానికి ఇది నిదర్శనం.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన స్థితి 2021 జులైలో కనిపించింది. అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ సంస్థ నిర్వహించిన వేలంలో 'సూపర్ మారియో 64' ఆటపెట్టె ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అది ఇంటికంప్యూటర్ ఆట కాదు, టీవీకి తగిలించే ఆటయంత్రానికి సంబంధించినది. అయినా పాత ఆటల విపణి మొత్తానికీ అది కొలబద్దగా మారింది. ఆ పెట్టెకు అంత ధర పలకడానికి ముఖ్యకారణం దాని సీలు ఎవరూ విప్పకపోవడం. అంటే దానితో ఎవరూ ఆడలేదు. విప్పితే ఆడవచ్చు, కాని విప్పితే ధర పడిపోతుంది. ఆటవస్తువు ధర ఆడకపోవడం మీద ఆధారపడే ఈ వైపరీత్యమే ప్రస్తుత చర్చకు మూలం.

2. ఇంటికంప్యూటర్ ఆట: వస్తుస్వరూపం

బ్రిటన్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ 1982 ఏప్రిల్‌లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను విడుదల చేసింది. 16 కిలోబైట్ల నమూనా ధర 125 పౌండ్లు, 48 కిలోబైట్ల నమూనా ధర 175 పౌండ్లు. అదే ఏడాది అమెరికాలో కమడోర్ 64 వచ్చింది. టీవీనే తెరగా, మామూలు టేపునే నిల్వసాధనంగా వాడుకోవడం ఈ యంత్రాలు చవకగా రావడానికి ఒక కారణం. ఆట ఒక ఆడియో క్యాసెట్‌లో ధ్వనిరూపంలో ఉండేది. టేపు తిరుగుతుంటే కీచుమని వినిపించే ఆ ధ్వనిని యంత్రం సంఖ్యలుగా చదువుకొనేది. ఒక ఆట ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. టేపు సాగినా, రికార్డరు హెడ్ కాస్త పక్కకు ఒరిగినా మొత్తం మళ్లీ మొదటినుంచి ఎక్కించవలసిందే.

పద్యనాటకాల క్యాసెట్లు ఇంటింటా మోగిన తెనాలి, ఒంగోలు పరిసరాల పాఠకులకు ఈ మాధ్యమం కొత్తది కాదు. రాగం తీసిన పద్యాన్ని, కంప్యూటర్ ఆటను మోసింది ఒకే రకమైన అయస్కాంతపు పట్టీ. రెండింటికీ శత్రువులు ఒకటే: వేసవి వేడి, వానాకాలపు తేమ, బూజు, దుమ్ము. సాగిన టేపులో పద్యం అపశ్రుతితోనైనా వినిపిస్తుంది. కంప్యూటర్ ఆట మాత్రం ఒక్క అంకె చెడినా అసలే మొదలుకాకపోవచ్చు.

భారతదేశంలో ఈ యంత్రాలు ఇళ్లకు చేరింది తక్కువ. 1984-85లో కేంద్రప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద పాఠశాలల్లో బీబీసీ మైక్రో కంప్యూటర్లను ప్రవేశపెట్టింది. పూణేలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1980ల ద్వితీయార్ధంలో స్పెక్ట్రమ్ ప్లస్‌ను అనుమతితో ఇక్కడ అమ్మింది. మధ్యతరగతి ఇళ్లలోకి ఆట విస్తారంగా వచ్చింది మాత్రం 1990లలో, టీవీకి తగిలించే చవక ఆటయంత్రాల ద్వారా. వాటిలో చాలావరకు జపాన్ నింటెండో సంస్థ ఫ్యామికామ్ యంత్రానికి అనుమతిలేని అనుకరణలు. ఆ యంత్రాల్లో దూర్చే ప్లాస్టిక్ పెట్టెల్లో టేపు ఉండదు, చిప్పు మాత్రమే ఉంటుంది. అయినా వాటిని ఇక్కడ క్యాసెట్లు అనే పిలిచారు. పాటల ద్వారా పరిచయమైన మాట కొత్త వస్తువుకు బదిలీ కావడం భాషాశాస్త్రదృష్టితో గమనింపదగిన అర్థవ్యాకోచం.

3. మూడు కొలమానాలు

సేకర్తల లోకంలో పాత ఆట ధరను నిర్ణయించేవి ప్రధానంగా మూడు: దుర్లభత, స్థితి, సమగ్రత. మొదటిది ప్రతులు ఎన్ని మిగిలాయన్నది. రెండవది పెట్టె నలిగిందా, రంగు వెలిసిందా అన్నది. మూడవది పెట్టె, పుస్తకం, క్యాసెట్, జతచేసిన కాగితాలు అన్నీ ఉన్నాయా అన్నది. వీటిని కలిపి అంకెల్లో శ్రేణి ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ కవచంలో బిగించి ఇచ్చే సంస్థలు కూడా వెలిశాయి.

ఈ మూడింటిలో సమగ్రతకు నిజమైన పఠనప్రయోజనం ఉంది. దాన్ని సేకర్తల చాదస్తంగా కొట్టివేయడం సరికాదు. 1984లో వచ్చిన 'జెట్ సెట్ విల్లీ' ఆటను మొదలుపెట్టాలంటే పెట్టెలోని రంగుల కార్డు చూసి, యంత్రం అడిగిన గడిలోని రంగుల వరుసను నమోదు చేయాలి. ఆ రోజుల్లో రంగుల నకలు తీయడం ఖరీదైన పని. క్యాసెట్‌కు అక్రమంగా ప్రతి తీసినవారిని ఆ కార్డుతో ఆపవచ్చని తయారీదారులు భావించారు. కార్డు పోతే ఆ మూలప్రతి దానంతట అది తెరుచుకోదు. అదే ఏడాది బీబీసీ మైక్రో కోసం ఏకార్న్‌సాఫ్ట్ ప్రచురించిన 'ఎలీట్' ఆటపెట్టెలో రాబర్ట్ హోల్డ్‌స్టాక్ రాసిన 'ది డార్క్ వీల్' అనే నవలిక ఉంది. ఆటలో ప్రపంచం నామమాత్రపు గీతల్లో కనిపిస్తే, దాని కథాభూమికను నవలిక అందించింది. నాటకానికి ప్రస్తావన ఎంత అవసరమో ఆ ఆటకు ఆ పుస్తకం అంత అవసరం.

స్థితి విషయం వేరు. అంచు నలగని పెట్టెకు అధికధర ఇవ్వడంలో ఆటకు సంబంధించిన ప్రయోజనం ఏమీ లేదు. 'ఎలీట్' ఆటలో 8 నక్షత్రమండలాలు, ఒక్కొక్కదానిలో 256 లోకాలు ఉన్నాయి. వాటి పేర్లు, వర్ణనలు ఎక్కడా జాబితాగా రాసిపెట్టి లేవు. కొద్దిపాటి అంకెల నుంచి ఒక సూత్రం ప్రకారం యంత్రం వాటిని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. అంటే ఆడుతున్నప్పుడు తప్ప ఆ లోకాలకు అస్తిత్వం లేదు. మూసి ఉన్న పెట్టెలో ఉన్నది ఆట కాదు, ఆటకు అవకాశం మాత్రమే. దృశ్యకావ్యం ప్రదర్శనలో సిద్ధిస్తుందని ఒప్పుకునే సాహిత్యవిద్యార్థికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది.

4. విప్పని పెట్టె, విప్పిన టిక్కీ

గుంటూరు మిర్చియార్డులో సరుకును మూటకట్టు చూసి కొనరు. టిక్కీ విప్పుతారు, కాయను చేతిలోకి తీసుకుంటారు, రంగు, తొడిమ, తేమ చూస్తారు, తాలుకాయల పాలు ఎంతో అంచనా వేస్తారు. తేజ రకానికి ఒక ధర, 334కు ఒక ధర, తాలుకు ఒక ధర. పత్తి కొనుగోలులోనూ పింజ పొడవు, తేమశాతం చూడకుండా ధర తేలదు. ఈ మైదానాల్లో ధర అనేది విప్పి చూసిన తరువాత పుట్టే మాట.

సీలువేసిన ఆటపెట్టె విపణి దీన్ని తలకిందులు చేసింది. అక్కడ ధర విప్పకపోవడం వల్ల పుడుతుంది. లోపలి టేపు పనిచేస్తుందో లేదో కొన్నవారికి, అమ్మినవారికి, శ్రేణి ఇచ్చినవారికి కూడా తెలియదు. పరీక్షించడానికి వీల్లేని సరుకు నకిలీలకు అనువైనది. 1980ల తొలినాటి అరుదైన కంప్యూటర్ ఆటల్లో కొన్ని నేటి ముద్రణతో తయారైన నకిలీలని 2022లో సేకర్తల వర్గాల్లోనే బయటపడింది. ఆ తొలి ఆటలు కొన్ని మామూలు ప్లాస్టిక్ సంచిలో, సాదాకాగితంతో అమ్ముడైనవి కావడం నకిలీకి మరింత వీలు కల్పించింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. గుంటూరు చుట్టుపక్కల శీతలగిడ్డంగుల్లో కూడా మిర్చిని ధర కోసం నెలల తరబడి నిల్వ ఉంచుతారు గదా, ఆటపెట్టెను నిల్వ ఉంచితే తప్పేమిటి? తేడా ఉంది. గిడ్డంగిలోని మిరపకాయ చివరకు ఎవరి వంటింటికో చేరుతుంది, కారం అవుతుంది. నిల్వ అక్కడ వినియోగానికి ముందుదశ. సీలువేసిన ఆటకు ఆ చివరిదశ ఎన్నటికీ రాదు. అది ఒక గిడ్డంగి నుంచి మరొక గిడ్డంగికి మారుతుంది, అంతే.

అయితే సేకర్తను వ్యాపారిగా మాత్రమే చూడటం అన్యాయం. వాల్టర్ బెంజమిన్ 1931లో తన గ్రంథాలయం గురించి రాసిన వ్యాసంలో, నిజమైన సేకర్త వస్తువును ఉపయోగం వైపునుంచి కాక చరిత్ర వైపునుంచి ప్రేమిస్తాడని భావించాడు. పాత ఆటల విషయంలో ఇది చాలావరకు సత్యం. తయారుచేసిన సంస్థలు మూతపడి, ప్రభుత్వ భాండాగారాలు పట్టించుకోని దశాబ్దాల్లో క్యాసెట్లను అటకలమీద దాచినవారు సేకర్తలే. లోపం ప్రేమలో లేదు. ఆ ప్రేమను కొలవడానికి విపణి అందించిన కొలమానంలో ఉంది.

5. చెత్తనుంచి నిధిదాకా

మైకేల్ థాంప్సన్ 1979లో ప్రకటించిన 'చెత్త సిద్ధాంతం' వస్తువుల విలువను మూడు దశలుగా చూపింది. కొన్న క్షణం నుంచి విలువ తగ్గుతూ పోయే వస్తువులు ఒక వర్గం, కాలంతో విలువ పెరిగే వస్తువులు మరొక వర్గం. మొదటి వర్గం నుంచి రెండవ వర్గానికి నేరుగా దారి లేదు. మధ్యలో విలువ శూన్యమయ్యే చెత్తదశను దాటాలి. ఆ దశలోనే ఎక్కువ వస్తువులు నశిస్తాయి.

పాత ఆటల చరిత్రలో ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ అలమొగార్డో. 1983లో అమ్ముడుపోని అటారీ ఆటపెట్టెలను అమెరికాలోని ఆ పట్టణపు చెత్తగుంటలో పూడ్చారు. 2014 ఏప్రిల్‌లో తవ్వి తీసినప్పుడు అందరూ నాసిరకమని నిందించిన 'ఈటీ' ఆట ప్రతులు అందులో దొరికాయి. నలిగి, మట్టిపట్టిన ఆ పెట్టెలు వేలంలో అమ్ముడయ్యాయి, ఒకటి స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. దుర్లభత, స్థితి, సమగ్రత అనే మూడు కొలమానాల్లో ఏదీ ఆ ధరను వివరించలేదు. ఎన్నో ప్రతులు లోకంలో ఉన్న ఆట అది, స్థితి అధమం. దానికి విలువ తెచ్చింది వృత్తాంతం.

ఇదే క్రమాన్ని గుంటూరుసీమ అంతకుముందే అనుభవించింది. అమరావతి స్తూపం పలకలు ఒకప్పుడు కట్టడాలకు పనికివచ్చే రాళ్లు, సున్నానికి పనికివచ్చే రాళ్లు మాత్రమే. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్టణం నిర్మిస్తున్నప్పుడు దిబ్బను తవ్వి రాళ్లు తీయించాడు. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్థలాన్ని చూశాడు. 1816లో తిరిగివచ్చి తన బృందంచేత శిల్పాలకు కొలతలతో రేఖాచిత్రాలు వేయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడినుంచి 1859లో లండన్‌కు తరలిపోయాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై మ్యూజియంలో అవి అమూల్యాలు.

ఈ ఉదంతంలో విమర్శకు పనికివచ్చే అంశాలు రెండు. మొదటిది, చెత్తదశలో వస్తువును గుర్తించినవారే దాని యాజమాన్యాన్ని కూడా నిర్ణయిస్తారు. స్థానికులు విలువ కట్టని వస్తువుకు ఇతరులు విలువ కడితే, వస్తువు వారివెంట పోతుంది. రెండవది మరింత ముఖ్యం. మెకంజీ బృందం చిత్రించిన పలకల్లో కొన్ని తరువాతి కాలంలో కనిపించకుండా పోయాయి. వాటి గురించి నేడు తెలిసినది ఆ రేఖాచిత్రాల ద్వారానే. మూలం నశించినచోట ప్రతే ప్రమాణమైంది.

6. మూలప్రతి, పాఠాంతరం, నకిలీ

పాత క్యాసెట్‌లోని ధ్వనిని యథాతథంగా సంఖ్యారూపంలోకి మార్చి దస్త్రంగా దాచవచ్చు. పాతయంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ సాయంతో ఆ దస్త్రాన్ని నేటి కంప్యూటర్‌లో ఆడవచ్చు. 1995లో మొదలైన 'వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్' భాండాగారం ఇలాంటి కృషికి ఆద్యమైన వాటిలో ఒకటి. సేకర్తల విపణి దృష్టిలో ఈ దస్త్రానికి ధర శూన్యం. మెకంజీ రేఖాచిత్రంతో పోల్చినప్పుడు దాని విలువ స్పష్టమవుతుంది.

ఆటల ప్రతుల విషయంలో తెలుగు పరిశోధకులు చేయదగిన కృషి ప్రత్యేకమైనది. సి.పి. బ్రౌన్ పండితులచేత పలు తాళపత్రప్రతులను సమకూర్చి, సరిపోల్చి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు అనామక చాటువులను కూడా ఏరి గ్రంథస్థం చేశారు. ఈ సంప్రదాయంలో ప్రతి ఎంత అందంగా ఉందన్నది ముఖ్యం కాదు, అందులోని పాఠం ఏమిటన్నది ముఖ్యం. చెదలు తిన్న ప్రతిలో మంచి పాఠం ఉండవచ్చు, చక్కని ప్రతిలో ప్రక్షిప్తాలు ఉండవచ్చు.

అక్రమంగా ప్రతులు తీసిన ఆటలకు ఈ దృష్టి సరిగ్గా అన్వయిస్తుంది. కమడోర్ 64 ఆటల రక్షణను ఛేదించిన బృందాలు ఆట మొదట్లో తమ పేరు, సంగీతం, పలకరింపులు చేర్చాయి. తాళపత్రం చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి రాసి, తప్పులు మన్నించమని కోరే గద్యకు ఇది దగ్గర చుట్టం. రెండూ మూలకర్తవి కావు. అయినా ప్రతి ఎవరి చేతులగుండా నడిచిందో చెప్పే ఆధారాలు.

1990లలో భారతీయ విపణిలో విరివిగా దొరికిన బహుళ ఆటల క్యాసెట్లు మరింత ఆసక్తికరం. అట్టమీద వందలు, వేలు అని అంకె ఉంటుంది. లోపల ఉన్నవి కొద్ది ఆటలే, పేర్లు మార్చి, ఆరంభదశ మార్చి పదేపదే కనిపిస్తాయి. అంతర్జాతీయ ధరలపట్టికల్లో ఇవి నకిలీలు. కాని ఈ ప్రాంతంలో ఒక తరం ఆడినది వీటినే. సీలువేసిన అసలుపెట్టె ఇక్కడి ఆటచరిత్రకు సాక్ష్యం కాదు, అది ఇక్కడికి రానే లేదు. నకిలీగా ముద్రపడిన ఆ క్యాసెట్టే ఇక్కడి చరిత్రకు అసలైన ఆధారం. విపణి విలువక్రమం, చరిత్ర విలువక్రమం పరస్పరం విరుద్ధాలు కావడం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

7. విరిగిన చేతికర్ర

పూర్వపు ప్రకాశం జిల్లాలో, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న వేటపాలెం సారస్వతనికేతనం 1918లో ప్రారంభమైంది. పాత తెలుగు పత్రికల సంపుటాలకు అది పరిశోధకులందరికీ తెలిసిన ఆలవాలం. 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన ఆ గ్రంథాలయంలో ఆయన విరిగిన చేతికర్ర నేటికీ భద్రంగా ఉంది. సేకర్తల శ్రేణి ప్రకారం విరగడం లోపం, ధర తగ్గాలి. ఇక్కడ విరగడమే వృత్తాంతం. కర్ర అతుకుపెట్టి మెరుగుదిద్దితే దాని విలువ పోతుంది.

ఆ గ్రంథాలయంలోని పత్రికలకూ ఇదే న్యాయం. పుటల అంచులు చిట్లిన సంపుటాన్ని పరిశోధకుడు తెరుస్తాడు, చదువుతాడు, రాసుకుంటాడు. తెరవని సంపుటం పరిశోధనలో లేనట్టే. తెరిస్తే అరుగుతుంది, తెరవకపోతే అర్థంలేదు. భద్రత, వినియోగం అనే ఈ రెండింటి మధ్య సమతౌల్యం గ్రంథాలయవృత్తి నేర్చిన విద్య. మూలాన్ని జాగ్రత్తగా ఒకసారి ప్రతి తీసి, ఆపై ప్రతిని అందరికీ అందించడం దానికి నేటి పరిష్కారం. ఆట విషయంలోనూ టేపును అరగదీయకుండా ఆటను ఆడనిచ్చే మార్గం ఇదే.

8. చట్టం ముందు ఆట

ఈ మార్గానికి చట్టం ఎంతవరకు అనుకూలం? భారత కాపీరైట్ చట్టం, 1957 నిర్వచనం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్యకృతి వర్గంలోకే వస్తుంది. సాహిత్యశాఖలు ఇంకా ఆటను సాహిత్యంగా అంగీకరించకపోయినా, చట్టం ఆటలోని ప్రోగ్రామ్‌ను ఎప్పుడో అంగీకరించింది. చట్టబద్ధంగా ప్రోగ్రామ్ కలిగి ఉన్నవారు నష్టం నుంచి కాపాడుకోవడానికి అదనపు ప్రతి తీసుకోవచ్చునని 52వ సెక్షన్ చెబుతుంది. 2012 సవరణ తరువాత, వ్యాపారదృష్టిలేని ప్రజాగ్రంథాలయం పరిరక్షణ కోసం ఒక కృతిని ఎలక్ట్రానిక్ రూపంలో దాచవచ్చు. అయితే ఆ కృతి డిజిటల్ కాని ప్రతి గ్రంథాలయం వద్ద ముందే ఉండాలి.

ఈ షరతు పుస్తకాన్ని దృష్టిలో ఉంచుకొని రాసినది. క్యాసెట్‌మీద ధ్వనిగా ఉన్న ఆట డిజిటల్ ప్రతియా, కాదా? చిప్పులో ఉన్న ఆట మాటేమిటి? పుట్టుకతోనే డిజిటల్ అయిన కృతికి డిజిటల్ కాని ప్రతి ఎలా ఉంటుంది? అచ్చుపుస్తకానికి రక్షణ ఇచ్చిన వాక్యమే ఆటకు అడ్డుపడే అవకాశం ఉంది. ప్రచురితగ్రంథాలను జాతీయగ్రంథాలయానికి అందజేయాలని నిర్దేశించే 1954 నాటి చట్టమూ పుస్తకాలు, పత్రికలకే పరిమితం. అమెరికాలోని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు విపణిలో లభించడం లేదు. విస్తృతమైన విపణి, సంపన్నమైన సేకర్తలు ఉన్న దేశంలోనే స్థితి ఇది. ధర పెరిగినంతమాత్రాన ఆట నిలవదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

9. ఆటకు కైఫియతు

మెకంజీ కృషిలో శిల్పచిత్రాలతో సమానమైన భాగం గ్రామకైఫియతులు. కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి, ఊరి పుట్టుక, గుడి, చెరువు, మిరాశీ వివరాలు స్థానికుల నోట విని రాయించారు. అందులోని విషయం అంతా చరిత్రగా నిలవకపోవచ్చు. కాని అడిగే పద్ధతి నేటికీ ఆదర్శం.

పాత ఆటకు కూడా కైఫియతు రాయవచ్చు. అది ఏ యంత్రంలో ఆడినది? ఏ ఊళ్లో, ఎంతకు కొన్నది? కొన్నదా, అద్దెకు తెచ్చినదా, ఒకరినుంచి ఒకరికి మారినదా? ఆంగ్లంలో ఉన్న సూచనలను ఆడినవారు ఎలా అర్థం చేసుకున్నారు? ఆటకు, అందులోని పాత్రలకు ఏ తెలుగు పేర్లు పెట్టుకున్నారు? ఆడపిల్లలకు ఆడే వీలు దొరికిందా? కరెంటు కోత ఆటను ఎలా మలిచింది? ఈ ప్రశ్నలకు ధరలపట్టికలో గడులు లేవు. జానపదవిజ్ఞానం, భాషాశాస్త్రం, సామాజికచరిత్ర చదివినవారికి మాత్రం ఇవి పరిచితమైన ప్రశ్నలు. వామనగుంటల గురించి అడిగిన పరిశోధకుడు వీటినీ అడగగలడు.

ఇందుకు గడువు స్వల్పం. ఆ క్యాసెట్లు, వాటితోపాటు పాఠశాలల, కళాశాలల సామానుగదుల్లోని తొలితరం కంప్యూటర్లు నేడు థాంప్సన్ చెప్పిన చెత్తదశలో ఉన్నాయి. పాతసామాన్లవారి తూకంలో వాటి ధర ప్లాస్టిక్, రాగి బరువే. ఆ తూకానికి పోయేముందు వాటిని చూసి, ఫోటో తీసి, వివరం రాసే పని ఒక విద్యార్థిబృందానికి క్షేత్రపర్యటనగా సరిపోతుంది. వస్తువును కొనవలసిన అవసరం కూడా లేదు.

10. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. పాత ఇంటికంప్యూటర్ ఆటల ధరను నిర్ణయించే మూడు కొలమానాల్లో సమగ్రతకు మాత్రమే ఆటతో ప్రత్యక్షసంబంధం ఉంది. దుర్లభత, స్థితి వస్తువుకు సంబంధించినవి. విప్పకపోవడం వల్ల పుట్టే ధర పరీక్షకు నిలవనిది, ఆటస్వభావానికి విరుద్ధమైనది. ఆటను నిలిపేవి మూడు: పాఠాన్ని కాపాడే ప్రతి, ఆ ప్రతిని ఆడనిచ్చే సాధనం, ఆడినవారి వృత్తాంతం. అలమొగార్డో పెట్టెకు, వేటపాలెం చేతికర్రకు విలువనిచ్చినది మూడవది. అమరావతి పలకలను స్మృతిలో నిలిపినది మొదటిది.

విపణి విస్మరించిన అనుకరణయంత్రాలు, బహుళ ఆటల క్యాసెట్లు తెలుగుప్రాంతపు ఆటచరిత్రకు ప్రధాన ఆధారాలు. వాటికి బయటివారు ధర కట్టేదాకా ఎదురుచూస్తే, అమరావతి పలకల కథ చిన్నపరిమాణంలో పునరావృతమవుతుంది. కాకపోతే ఈసారి పలకలు లండన్‌కు పోవు, తుక్కుకొలిమికి పోతాయి. బాలచంద్రుని బొంగరం దొరకకపోయినా ఆ ఆట తెలుగువారికి తెలుసు, ఎవరో పాడారు, ఎవరో రాసిపెట్టారు. తరువాతి తరం ఆటలకూ ఆ మాత్రం రాసిపెట్టేవారు కావాలి.